పాత కారుకు ఆయిల్ కూలర్ వేయించాలా? కొండ ఎక్కే బండ్ల వాళ్ళు పదేపదే అడిగే ప్రశ్నలు

మార్చి సగం దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, కొండకు పోయొస్తే ఇంజన్ అగ్గిలా ఉంటోంది, ఆయిల్ కూలర్ వేయించమంటావా?" అని. అడిగేవాళ్ళలో తిరుపతి వాళ్ళుంటారు, చిత్తూరు నుంచి వారానికోసారి సరుకుతో వచ్చేవాళ్ళుంటారు, తాతగారి అంబాసిడర్‌ను షెడ్డులోంచి బయటికి తీసిన కుర్రాళ్ళుంటారు. నేను మెకానిక్‌ను కాను. పదిహేనేళ్ళుగా ఒక 1998 మోడల్ మారుతి 800ను సొంతంగా చూసుకుంటూ, దాని మీద చేసిన తప్పులన్నీ గుర్తుపెట్టుకున్నవాణ్ణి. చెప్పిందే చెప్పి చెప్పి, చివరికి ఇలా రాసిపెట్టాను. మీ ప్రశ్న ఏదో చూసుకుని నేరుగా అక్కడికే పోండి. ఒకటి అర్థం కావాలంటే ఇంకోటి చదివుండాలన్న నియమం లేదు.

## వేయించాలా వద్దా అనుకుంటున్నప్పుడు

రేడియేటర్ ఉంది కదా, మళ్ళీ ఆయిల్‌కు వేరే కూలర్ ఎందుకు?

రేడియేటర్ చల్లబరిచేది నీళ్ళను. ఆ నీళ్ళు సిలిండర్ల చుట్టూ, హెడ్ లోపల తిరుగుతాయి. పిస్టన్ అడుగుకు, క్రాంక్ బేరింగులకు, క్యామ్‌షాఫ్ట్‌కు నీళ్ళు తగలవు. అక్కడి వేడిని మోసుకొచ్చేది ఆయిలే. అది కిందికి కారి ఇంజన్ అడుగున ఉండే చాంబర్‌లో పడుతుంది, చాంబర్ రేకుకు తగిలే గాలికి కొంత చల్లబడుతుంది, పంపు దాన్ని మళ్ళీ పైకి తోస్తుంది. మామూలు కారుకు ఆ చాంబరే ఆయిల్ కూలర్. ఇంజన్ చేసే పని పెరిగి చాంబర్ చాలనప్పుడు, ఆయిల్‌ను పైపుల్లో బయటికి తెచ్చి చిన్న రేడియేటర్ లాంటి దానిలో తిప్పి మళ్ళీ లోపలికి పంపుతారు. అదే ఆయిల్ కూలర్.

నాది మారుతి 800. వేయించాలా?

అక్కర్లేదు. 796 సీసీ, 37 హార్స్‌పవర్ ఇంజన్ అది. సరిగ్గా ఉన్న 800 ఆయిల్‌ను కాల్చేంత వేడి పుట్టించలేదు. ఆమ్నికి కూడా ఇదే జవాబు. అయితే ఆమ్నిలో ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి, సీటు కాలుతోంటే ఇంజన్ పాడైందని జనం అనుకుంటారు. ఆ బండి తీరే అంత.

మాది అంబాసిడర్, 1489 సీసీ పెట్రోలు. అంత బరువైన బండికి కావాలి కదా?

బరువును చూసి కూలర్ వేయరు, ఇంజన్ ఎంత వేగంగా, ఎంతసేపు తిరుగుతుందో చూసి వేస్తారు. ఈ ఇంజన్ బ్రిటన్‌లో పుట్టిన బీ-సిరీస్ కుటుంబానిది. అదే కుటుంబంలో 1798 సీసీ ఇంజన్‌ను ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారులో పెట్టి, దానికి ఆయిల్ కూలర్ కూడా ఇచ్చారు. ఎందుకంటే అది గంటల తరబడి హై స్పీడులో పరుగెత్తే బండి. మన అంబాసిడర్ కాణిపాకం పోయి కొబ్బరికాయ కొట్టి ఇంటికొచ్చే బండి. ఇంజన్ ఒకటే వంశమైనా బతుకులు వేరు. పద్మిని 1089 సీసీ ఇంజన్‌కూ ఇదే లెక్క.

మరైతే ఎవరికి నిజంగా పనికొస్తుంది?

ఇంజన్‌కు కంపెనీ ఇవ్వని టర్బో తగిలించినవాళ్ళకు. బోరు పెంచి, కార్బురేటర్ మార్చి, ర్యాలీలకు పోయేవాళ్ళకు. వెనక ట్రాలీ కట్టి లాగేవాళ్ళకు. ఎండాకాలం మధ్యాహ్నం చెన్నై, బెంగళూరు దారుల్లో 100కు పైన గంటల తరబడి పోయే పాత పెట్రోలు బండ్లకు, అదీ ఆయిల్ వేడి కొలిచి ఎక్కువుందని తేలాకే. పాత వోక్స్‌వ్యాగన్ బీటిల్‌ది గాలితో చల్లబడే ఇంజన్, అందులో నీళ్ళే ఉండవు కాబట్టి దానికి ఆయిల్ కూలర్ పుట్టుకతోనే ఉంటుంది. అది చెత్త పట్టి మూసుకుపోకుండా చూసుకుంటే చాలు.

నా డీజిల్ బండికి ఇప్పటికే ఉందని ఒకరన్నారు. ఎలా తెలుసుకోవాలి?

టర్బో డీజిల్ ఇంజన్లకు చాలావాటికి కంపెనీయే ఇస్తుంది, బయటికి కనపడదు. ఆయిల్ ఫిల్టర్ కూర్చునే చోటు చూడండి. ఫిల్టర్ వెనక పలకలు పేర్చినట్టున్న అల్యూమినియం ముక్క ఉండి, దానికి నీళ్ళ దారి కలిసి ఉంటే అదే కూలర్. స్విఫ్ట్ డీజిల్‌లో వచ్చిన 1.3 లీటర్ల ఇంజన్‌కు ఇలాగే ఫిల్టర్ హౌసింగ్‌తో కలిసి ఉంటుంది. ఉన్నదాని మీద ఇంకోటి వేయించడం డబ్బు దండగ.

## వేడి ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కునేటప్పుడు

కొండ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. ఆయిల్ కూలర్ వేస్తే దిగుతుందా?

ఎక్కువమంది అడిగేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఆ ముల్లు చూపించేది నీళ్ళ వేడిని. ఆయిల్ వేడిని కాదు. కాబట్టి ముల్లు లేస్తోందంటే వెతకాల్సింది నీళ్ళ వైపు.

ఇప్పుడు లెక్క చూడండి. తిరుపతి కన్నా తిరుమల సుమారు 700 మీటర్ల ఎత్తు. పైకి పోయే రెండో ఘాట్ రోడ్డు దాదాపు 18 కిలోమీటర్లు, 28 నిమిషాల కన్నా ముందు చేరకూడదన్న నిబంధన కూడా ఉంది. మనుషులతో కలిపి టన్ను బరువున్న 800, 35 నిమిషాల్లో పైకి చేరిందనుకుందాం. ఆ బరువును 700 మీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తిని 35 నిమిషాలకు పంచితే సగటున నాలుగున్నర హార్స్‌పవర్ కూడా దాటదు. టైర్లు దొర్లడానికి ఇంకో ఒకటిన్నర కలపండి. ఆరు. అదే బండి చదును రోడ్డు మీద 90 స్పీడులో పోవాలంటే గాలిని చీల్చుకోవడానికే ఎక్కువ ఖర్చయి దాదాపు రెట్టింపు కావాలి. అంటే కొండ మీద కన్నా రేణిగుంట దాటాక హైవేలోనే మీ ఇంజన్ ఎక్కువ కష్టపడుతోంది. నేను మొదట నమ్మలేదు, కాగితం మీద రెండుసార్లు వేసి చూసుకున్నాను.

మరి కొండ మీదే ఎందుకు వేడెక్కుతుంది? గాలి లేక. హైవేలో 90 స్పీడు గాలి రేడియేటర్‌ను ఊపేస్తుంది. కొండ మీద రెండో గేరులో 25, 30 మధ్య పాకుతుంటాం, ముందు బస్సు ఉంటే ఇంకా తక్కువ. అప్పుడు భారమంతా ఫ్యాను మీద పడుతుంది. ఫ్యాను మోటారు నెమ్మదిగా తిరుగుతున్నా, ఫ్యాన్ స్విచ్ ఆలస్యంగా పట్టుకుంటున్నా, రేడియేటర్ సగం మూసుకుపోయినా, ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ తెలియదు, అలిపిరి దాటాక బయటపడుతుంది. ఏసీ వేసుకుంటే దాని కండెన్సర్ వేడి కూడా రేడియేటర్ ముఖానే కొడుతుంది. ముందు వీటిని చూడండి: ఫ్యాను, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ మూత, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు), వాటర్ బాడీ (నీళ్ళ పంపు). బ్రేకు పట్టేసి చక్రం బిగుసుకుని తిరుగుతోందేమో కూడా. కొండ దిగాక కాదు, ఊళ్ళో రెండు కిలోమీటర్లు పోయి నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికన్నా కాలుతుంటే దొంగ అక్కడున్నాడు.

ఆయిల్ ఎంత వేడి వరకు ఉండొచ్చు?

పని చేస్తున్న ఇంజన్‌లో చాంబర్ ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే చక్కగా ఉన్నట్టు. 120 వరకు కంగారు లేదు. 130 దాటి చాలాసేపు ఉంటే ఆయిల్ తొందరగా ముసలిదవుతుంది. ప్రతి పది డిగ్రీలకు ఆ ముసలితనం రెట్టింపు వేగంతో వస్తుందని మోటు లెక్క. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: మరీ చల్లగా ఉన్నా తప్పే. ఆయిల్‌లో చేరిన తేమ, కాలకుండా కిందికి దిగిన పెట్రోలు ఆవిరైపోవాలంటే ఆయిల్ బాగా వేడెక్కాలి.

ఆయిల్ వేడి చూపించే మీటరే లేదు కదా, ఎలా కొలవాలి?

కొన్ని మల్టీమీటర్లతో పాటు వచ్చే, వేడిని కొలిచే థర్మోకపుల్ వైరు చాలు. బండి ఆపి, ఇంజన్ కట్టేసి, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ బయటికి తీసి, దాని పక్కన వైరు పెట్టి పొడవు గుర్తు వేసుకోండి. గుర్తు దాటి లోపలికి పోకూడదు. ఆ గొట్టంలోంచి వైరు దించి అర నిమిషం ఆగితే అంకె నిలబడుతుంది. ఇంజన్ తిరుగుతుండగా మాత్రం దించొద్దు, క్రాంక్ లాక్కుపోతుంది.

నా బండికి పోయిన మే నెలలో చూశాను. అలిపిరి క్యూలోంచి బయటపడ్డాక 88. పైన పార్కింగులో 106. ముల్లు మాత్రం ముప్పావు దగ్గర ఉంది, నాకు చెమటలు పట్టాయి. మరో ఆదివారం నాయుడుపేట వైపు 90 స్పీడులో ముక్కాలు గంట తోలి ఆపితే 114, ముల్లు సగం దగ్గర హాయిగా పడుకుంది. ముల్లును నమ్ముకుని ఆయిల్ సంగతి చెప్పడం కుదరదని ఆ రోజు కళ్ళారా చూశాను.

దూరం నుంచి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడేవాళ్ళకు ఒక మాట. మెరిసే అల్యూమినియం మీద అది తక్కువ చూపిస్తుంది. చాంబర్ మీద రూపాయి బిళ్ళంత నల్ల పెయింట్ పూసి, అక్కడ కొలవండి.

ఐడిల్‌లో ఆయిల్ లైటు మినుకుమంటోంది. కూలర్ వేస్తే ఆయిల్ చిక్కబడి ప్రెషర్ పెరుగుతుందట కదా?

జ్వరం వచ్చినవాడికి పుత్తూరు కట్టు కట్టినట్టు ఉంటుంది. ఆ లైటు వెలిగేది ప్రెషర్ దాదాపు అడుక్కు, చదరపు సెంటీమీటరుకు 0.3 నుంచి 0.5 కేజీకి పడిపోయాకే. అంటే అది వెలిగేసరికే జరగాల్సింది చాలా జరిగిపోయింది. బేరింగులు అరిగి సందులు పెరిగి ఉండాలి, లేదా ఆయిల్ పంపు, లేదా చాంబర్‌లో జల్లెడ బురద పట్టి ఉండాలి. ఒక్కోసారి స్విచ్చే తప్పు చెప్తుంది. స్విచ్ విప్పి ఆ రంధ్రానికి ప్రెషర్ మీటరు పెట్టి చూడమని మెకానిక్‌ను అడగండి, పది నిమిషాల పని. వేడి ఇంజన్‌లో ప్రతి వెయ్యి ఆర్‌పీఎమ్‌కు పది పీఎస్ఐ చొప్పున ఉంటే ఫర్వాలేదన్నది పాత లెక్క. అరిగిన ఇంజన్‌కు కూలర్ వేస్తే ఆయిల్ మరో రెండు మీటర్ల పైపు తిరిగి రావాలి, అసలే నీరసంగా ఉన్న పంపుకు అది అదనపు భారం.

చిక్కటి ఆయిల్ వేసుకుంటే కూలర్ అవసరం ఉండదు కదా?

పాత కార్బురేటర్ ఇంజన్లకు మన ఎండల్లో 20డబ్ల్యూ-50 గ్రేడు ఆయిల్ సరిపోతుంది, అవి దాని కోసమే పుట్టాయి. ఏ ఆయిల్ అయినా 100 డిగ్రీల నుంచి 130కి పోతే చిక్కదనం సుమారు సగానికి పడిపోతుంది. 50 గ్రేడు సగమైనా ఇంకా కొంత మిగులుతుంది, 30 గ్రేడు సగమైతే నీళ్ళే. కానీ సన్నటి ఆయిల్ కోసం తయారైన కొత్త ఇంజన్లలో చిక్కటిది పోయడం వేరే తలనొప్పి. బండి పుస్తకంలో ఏ గ్రేడు రాసి ఉంటే అదే.

సింథటిక్ పోస్తే?

వేడికి ఎక్కువ కాలం తట్టుకుంటుంది, అంతే. ఆయిల్ కారే పాత సీళ్ళున్న బండిలో పోస్తే మాత్రం ఖరీదైన ఆయిల్ నేల పాలవుతుంది.

థర్మోస్టాట్ పీకేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందని మెకానిక్ పీకేశాడు. మంచిదేనా?

మా వైపు షెడ్డుల్లో ఇది ఆచారంలా తయారైంది. మంచిది కాదు. థర్మోస్టాట్ లేకపోతే ఇంజన్ పొద్దున్నే వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, ఆ సేపంతా పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండరు అరుగుతుంది, ఆయిల్‌లో తేమ నిలిచిపోతుంది. ఆయిల్ మూత తిప్పి చూస్తే మీగడ లాంటిది పేరుకుని ఉంటే చాలాసార్లు కారణం ఇదే. అయితే నీళ్ళు, ఆయిల్ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయినా అదే మీగడ వస్తుంది, కాబట్టి రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతున్నాయా అని పక్కనే చూసుకోండి.

రేడియేటర్‌లో బోరు నీళ్ళే పోస్తున్నాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. ఇంట్లో బకెట్టు అడుగున తెల్లగా పేరుకునేది చూశారు కదా, అదే రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది. పాత రాగి, ఇత్తడి రేడియేటర్‌ను విప్పి సలాకులతో తోయించవచ్చు, రాడ్డింగ్ అంటారు. అల్యూమినియం, ప్లాస్టిక్ ట్యాంకు రకమైతే మార్చడమే. తర్వాత డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోయండి. కూలెంట్ తుప్పును ఆపుతుంది, మరిగే వేడిని కూడా కొంచెం పైకి జరుపుతుంది. నాకు తెలిసి 'కొండెక్కితే వేడెక్కుతోంది' అన్న బండ్లలో సగానికి పైగా ఈ ఒక్క పనితో బాగుపడ్డాయి.

## కొనేటప్పుడు

కొలిచాను, నిజంగానే 130 దాటుతోంది. ఏ రకం కొనాలి?

రెండు రకాలున్నాయి. గాలితో చల్లబడేది: బండి ముందు బిగిస్తారు, పలకలు పేర్చిన రకం గట్టిది. నీళ్ళతో చల్లబడేది: ఫిల్టర్ కింద కూర్చుంటుంది, రేడియేటర్ నీళ్ళే దానిలో తిరుగుతాయి. రెండోదాంట్లో ఒక సుగుణం ఉంది, పొద్దున చల్లటి ఆయిల్‌ను నీళ్ళే తొందరగా వేడి చేస్తాయి. కానీ ఆయిల్ వేడి మొత్తం రేడియేటర్ నెత్తినే పడుతుంది, లోపల చిల్లు పడితే ఆయిల్, నీళ్ళు కలిసిపోతాయి. పాత పెట్రోలు బండికి వేయాల్సే వస్తే నేను గాలి రకమే వేస్తాను.

ఒకటి నుంచి ఒకటిన్నర లీటర్ల ఇంజన్‌కు పది వరుసల కూలర్ ధారాళంగా సరిపోతుంది. పెద్దది ఉంటే మంచిదే కదా అని పంతొమ్మిది వరుసలది తగిలిస్తే డిసెంబరులో ఆయిల్ వేడెక్కనే వేడెక్కదు.

థర్మోస్టాట్ ఉన్న ప్లేటు, లేని ప్లేటు అంటున్నారు. తేడా ఏంటి?

ఫిల్టర్‌కూ ఇంజన్‌కూ మధ్య బిగించే గుండ్రటి బిళ్ళను శాండ్‌విచ్ ప్లేటు అంటారు. ఆయిల్ బయటికి పోయేది, తిరిగొచ్చేది దానిలోంచే. థర్మోస్టాట్ ఉన్న ప్లేటు సుమారు 80 డిగ్రీల దాకా ఆయిల్‌ను కూలర్‌కు పెద్దగా పోనివ్వదు, తర్వాతే దారి తెరుస్తుంది. లేనిది సెల్ఫ్ కొట్టినప్పటి నుంచే చల్లబరుస్తూ కూర్చుంటుంది. ఊళ్ళో తిరిగే బండికి థర్మోస్టాట్ ప్లేటు తప్ప ఇంకోటి వద్దు. బేరం ఆడాలంటే వేరేచోట ఆడండి.

కొనేముందు ఫిల్టర్ మర కొలత సరిచూసుకోవాలి. ముప్పావు అంగుళం 16 మరలు, 20 మిల్లీమీటర్ల 1.5 మర, ఈ రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి. ఒకదాన్ని ఇంకోదానికి బలవంతంగా ఎక్కిస్తే రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి మర తినేస్తుంది. గిన్నెలో ఎలిమెంట్ పెట్టే పాతకాలపు ఫిల్టర్ ఉన్న బండికి ఈ ప్లేటు నేరుగా కూర్చోదు.

పల్సర్ ఆయిల్ కూలర్ తక్కువకు దొరుకుతుంది, కారుకు పెట్టేయొచ్చా?

వద్దు. పల్సర్ 220లో ఉన్న మొత్తం ఆయిల్ లీటరు పైచిలుకు. ఆ కూలర్ దారులు ఆ లెక్కకే ఉంటాయి. కారు పంపు నిమిషానికి తోసే ఆయిల్‌కు అది గొంతులో చెయ్యి అడ్డం పెట్టినట్టే.

పాత ఇనుప సామాన్లలో పెద్ద కారు కూలర్ దొరికింది. కడిగి వాడుకోనా?

అది ఏ ఇంజన్ చచ్చిపోయాక ఊడొచ్చిందో మీకు తెలియదు. బేరింగు కొట్టుకుపోయిన ఇంజన్‌దైతే ఇనుప రజను లోపలి మడతల్లో దాక్కుని ఉంటుంది, ఎంత కడిగినా మొత్తం రాదు. కొత్త ఫిల్టర్‌నూ నమ్ముకోలేం.

## బిగించేటప్పుడు

ఎక్కడ పెట్టించాలి?

రేడియేటర్ ముందు పూర్తిగా అడ్డం పెడితే దాని గాలి దొంగిలించినట్టే. బంపర్ కింద గాలి సూటిగా వచ్చే చోటు, ఒక పక్కకు. రాళ్ళు తగలకుండా ముందు జాలీ, అదురు తగలకుండా కింద రబ్బరు. పైపు మూతులు పైకి ఉండేలా నిలబెడితే లోపల గాలి నిలవదు.

పైపులు మామూలు రబ్బరువి వేస్తానంటున్నాడు మెకానిక్.

ఒప్పుకోవద్దు. ఇది ఒక్కటీ మాత్రం పట్టుబట్టండి.

మా బావ అంబాసిడర్‌కు ఒక షెడ్డులో సరదాకు కూలర్ వేయించాడు. పెట్రోలు పైపు లాంటి రబ్బరు, చివర గుండ్రటి స్క్రూ క్లిప్పులు. నెల బాగానే తిరిగింది. పెళ్ళికి మదనపల్లె పోతుంటే భాకరాపేట ఘాట్ ఎక్కుతుండగా క్లిప్పు జారింది. వెనక కూర్చున్న మా అక్క "ఏదో మాడిన వాసన" అంది, బావ మీటరు వైపు చూసేసరికి ఎర్ర లైటు. చాంబర్‌లోని నాలుగు లీటర్లు ఖాళీ కావడానికి నిమిషం కూడా పట్టలేదు. కాలుతున్న సైలెన్సర్ పైపు మీద పడ్డ ఆయిల్ అంటుకోకపోవడం మా అదృష్టం. వెంటనే కట్టేశాడు కాబట్టి క్రాంక్ దక్కింది. ఆ రోజు పెళ్ళికి బస్సులో పోయారు.

జేసీబీలకు, ట్రాక్టర్లకు హైడ్రాలిక్ పైపులు చేసిచ్చే షాపు మన దగ్గర ప్రతి ఊళ్ళో ఉంది. అక్కడ వేడి ఆయిల్‌కు తట్టుకునే పైపు తీసుకుని, చివర్లు మిషన్‌లో నొక్కించుకోండి. లోపలి దారి అర అంగుళానికి తగ్గకూడదు. పైపు ఎక్కడా రేకు అంచుకు రాసుకోకూడదు, సైలెన్సర్‌కు జానెడు దూరంలో ఉండాలి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఏమైనా జాగ్రత్త ఉందా?

కూలర్‌లో ముందే కొంత ఆయిల్ పోసి బిగించండి. తర్వాత ఇంజన్ స్టార్ట్ కాకుండా కాయిల్ వైరు పీకి, ఆయిల్ లైటు ఆరేదాకా ఐదారు సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. ఆరాకే వైరు పెట్టి స్టార్ట్ చేయాలి. రెండు నిమిషాలు తిప్పి, ఆపి, డిప్‌స్టిక్ చూసి తగ్గినంత పోయండి. కూలర్, పైపులు కలిపి పావు లీటరు నుంచి అర లీటరు దాకా అదనంగా పడుతుంది.

ఆర్టీఓ దగ్గర, ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది వస్తుందా?

ఆర్‌సీలో రాసి ఉన్న ఇంజన్ నంబరు, సీసీ, ఇంధనం లాంటివేవీ కూలర్‌తో మారవు. కానీ పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకు ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కదా, అప్పుడు కింద ఆయిల్ కారుతూ కనపడితే తిప్పి పంపిస్తారు. ఇన్సూరెన్స్ వాళ్ళకు ఒక మెయిల్ పెట్టి ఉంచుకోండి.

## బిగించాక

ఎన్నాళ్ళకోసారి చూసుకోవాలి?

మొదటి వారం రోజూ పొద్దున బండి కింద అట్టముక్క పరిచి చూడండి. 500 కిలోమీటర్లకు అన్ని జాయింట్లూ ఒకసారి బిగువు చూసుకోవాలి. తర్వాత ఆయిల్ మార్చినప్పుడల్లా. ఆయిల్ మార్చేటప్పుడు కూలర్‌లో ఉన్న పాత ఆయిల్ కొంత అక్కడే మిగిలిపోతుంది. అందుకని డబ్బా మొత్తం గుడ్డిగా పోయకుండా డిప్‌స్టిక్ చూసుకుంటూ పోయండి.

కూలర్ ఉంది కదా, ఆయిల్ ఆలస్యంగా మార్చుకోవచ్చా?

లేదు. ఆయిల్‌ను పాడుచేసేది వేడి ఒక్కటే కాదు. దుమ్ము, మసి, పెట్రోలు, తేమ ఎక్కడికీ పోవు.

మామిడికాయల సీజన్‌లో ఆమ్నిలో లోడు వేసుకుని దామలచెరువు మండీకి తిరుగుతాను. నాకు తప్పదేమో?

లోడు బండి ఊగిసలాడుతూ మూడో గేరులో పోతుంటే తప్పకుండా ఆయిల్ వేడెక్కుతుంది, కానీ ఆ దూరాలు తక్కువ. మీకు కూలర్ కన్నా మూడు పనులు ఎక్కువ మేలు చేస్తాయి: సీజన్‌కు ముందు ఆయిల్, ఫిల్టర్ మార్చడం, మండీ క్యూలో గంటలు గంటలు ఇంజన్ ఆన్‌లో పెట్టకపోవడం, ఆయిల్ మట్టం నిండుగా ఉంచడం. మూడు లీటర్లు ఉండాల్సిన చోట రెండు ఉంటే, ఆ రెండే మూడింటి వేడిని మోయాలి. ఆయిల్ తాగే బండ్లలో జరిగేది ఇదే. వేడి ఎక్కువైందని కూలర్ అడుగుతారు, డిప్‌స్టిక్ చూస్తే చివర తడి కూడా ఉండదు.

కొండ దిగేటప్పుడు కూడా ఇంజన్ గట్టిగా అరుస్తుంది. అప్పుడు ఆయిల్ వేడెక్కదా?

పెద్దగా ఎక్కదు. రెండో గేరులో యాక్సిలరేటర్ వదిలేసి దిగుతుంటే ఇంజన్‌లో మంట దాదాపు ఉండదు, అరుపు మాత్రమే ఉంటుంది. ఆ అరుపుకు భయపడి న్యూట్రల్ చేసేవాళ్ళున్నారు. చేయొద్దు. వేడెక్కేది అప్పుడు బ్రేకులు.

కూలర్ వేయించాను, ఇప్పుడు వద్దనిపిస్తోంది. తీసేయొచ్చా?

నిరభ్యంతరంగా. ప్లేటు విప్పి, పాత ఫిల్టర్ స్టడ్ మళ్ళీ బిగించి, కొత్త ఫిల్టర్ పెట్టడమే. కాకపోతే ప్లేటు వేసేటప్పుడు ఆ చిన్న స్టడ్‌ను మెకానిక్ తీసి పక్కన పడేసి ఉంటాడు. నాలుగేళ్ళ తర్వాత పాత బండికి ఆ మరలో అది వెతికి పట్టుకోవాలంటే చుక్కలు కనపడతాయి. కూలర్ వేయించిన రోజే దాన్ని అడిగి తీసుకుని, కాగితంలో చుట్టి డ్యాష్‌బోర్డు అరలో పడేయండి. నేనూ ఒకప్పుడు నా 800కు కూలర్ వేయించినవాణ్ణే. ఆ ముచ్చట తీరి పీకేసిన రోజు స్పేర్‌గా కొన్న స్టడ్ ఇప్పటికీ ఆ అరలోనే ఉంది.